కొన్ననాడే కాదు... ఏటా చూడాలి గుర్రం పళ్ళు

* నమలలేక చిక్కిపోతున్నా బయటపడని బాధ
* ఏడాదికోసారి నోటి పరీక్షతో ముప్పు దూరం
* గాడిదలకూ ఇదే సూత్రం

పెద్దమండ్యం: సంతలో గుర్రాన్ని బేరమాడే వ్యక్తి మొదట చేసే పని దాని పెదవి ఎత్తి పళ్ళు చూడటం. వయసు ఎంతో, ధర ఎంత పలుకుతుందో ఆ పళ్ళే చెబుతాయి. బేరం కుదిరి గుర్రం ఇంటికి చేరిన తరువాత మాత్రం ఆ నోరు మళ్ళీ తెరిచి చూసేవారు అరుదు. కాళ్ళకు నాడాలు కొట్టిస్తారు, ఒంటికి మాలిష్ చేయిస్తారు, పూటపూటా దాణా పెడతారు. ఆ దాణాను నమలవలసిన పళ్ళ సంగతి ఎవరికీ పట్టదు. ఫలితంగా కడుపు నిండా మేత ముందున్నా గుర్రం రోజురోజుకూ చిక్కిపోతుంది. పురుగుల మందు తాగించి, దాణా పెంచి, బలానికి సూదులు వేయించి యజమాని అలసిపోతాడు. అసలు కారణం దవడ పళ్ళ అంచున, ఎవరికీ కనబడని చోట ఉంటుంది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఒకప్పుడు జట్కా బండ్లే ప్రధాన ప్రయాణ సాధనం. ఆటోల రాకతో జట్కాలు కనుమరుగై, గుర్రాలు పెళ్ళి ఊరేగింపులకు, ఉత్సవాలకు పరిమితమయ్యాయి. బట్టల మూటలు, ఇసుక, ఇటుకలు మోసిన గాడిదలు సైతం తగ్గిపోయాయి. 2019లో జరిగిన 20వ అఖిల భారత పశుగణన ప్రకారం దేశంలో గుర్రాలు, తట్టువలు కలిపి 3.4 లక్షలు మాత్రమే ఉన్నాయి. 2012 గణనతో పోలిస్తే ఇది 45 శాతానికి పైగా తగ్గుదల. గాడిదలు 61 శాతం తగ్గి 1.2 లక్షలకు చేరాయి. సంఖ్య తగ్గిన కొద్దీ వాటిని ఎలా చూసుకోవాలో తెలిసిన పెద్దల అనుభవం కూడా తరిగిపోతోంది. ఉన్న ఒక్క జంతువు మీదే బతుకు వెళ్ళదీసే కుటుంబానికి అది మూలన పడితే ఆ సీజను ఆదాయం మొత్తం పోయినట్లే.

ఆవు వేరు... గుర్రం వేరు

పెద్దమండ్యం పరిసరాల రైతులకు ఆవులు, గొర్రెలు, మేకలు బాగా పరిచయం. ఆ అలవాటుతోనే గుర్రాన్నీ చూస్తే పొరపాటు జరుగుతుందని పశువైద్యులు హెచ్చరిస్తున్నారు. ఆవుకు పై దవడ ముందు భాగంలో పళ్ళుండవు. అది మేతను నాలుకతో చుట్టి లాగి, సగం నమిలి మింగి, తరువాత తీరికగా నెమరు వేస్తుంది. మొదటిసారి సరిగా నలగని గడ్డి రెండోసారి నలుగుతుంది. గుర్రానికి ఆ అవకాశం లేదు. దానికి రెండు దవడల్లోనూ ముందు పళ్ళుంటాయి. కొరికిన గడ్డిని అప్పటికప్పుడే నలగ్గొట్టి మింగాలి. ఒకసారి గొంతు దాటిన మేత తిరిగి నోటికి రాదు. గుర్రం వాంతి కూడా చేసుకోలేదు.

మరొక తేడా లాలాజలానిది. గుర్రానికి నమిలేటప్పుడు మాత్రమే లాలాజలం ఊరుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద గుర్రానికి రోజుకు 35 నుంచి 40 లీటర్ల వరకు ఊరుతుందని అంచనా. నోటి నొప్పితో తక్కువ నమిలితే లాలాజలం తగ్గుతుంది, మేత పొడిగానే గొంతులోకి దిగి అడ్డం పడుతుంది. సరిగా నలగని పీచు పేగుల్లో గట్టిపడి కడుపునొప్పికి దారి తీస్తుంది. గుర్రానికి వచ్చే కడుపునొప్పి సామాన్యమైనది కాదు, గంటల వ్యవధిలో ప్రాణం తీయగలదు. పళ్ళ విషయంలో చేసిన నిర్లక్ష్యం చివరకు కడుపులో తేలుతుందన్నమాట.

పళ్ళే పంచాంగం

ఈడొచ్చిన మగ గుర్రానికి సాధారణంగా 40, ఆడ గుర్రానికి 36 పళ్ళుంటాయి. మగవాటికి అదనంగా ఉండే నాలుగూ కోరపళ్ళు. ముందు భాగంలో పైన ఆరు, కింద ఆరు కొరుకుడు పళ్ళు. వెనుక రెండు వైపులా పైనా కిందా ఆరేసి చొప్పున మొత్తం 24 దవడ పళ్ళు. మేతను నలిపే తిరగలి ఇదే.

పాలపళ్ళు 24. వీటిలో ముందున్నవి వరుసగా రాలి శాశ్వత పళ్ళు వస్తాయి. నడిమి జత రెండున్నర ఏళ్ళకు, దాని పక్క జత మూడున్నరకు, చివరి జత నాలుగున్నరకు మారుతాయి. అయిదేళ్ళకు నోరు నిండుతుంది. ఆ తరువాత పంటి పైభాగపు గుంటలు అరిగే తీరును, పళ్ళ వాలును చూసి వయసు అంచనా వేస్తారు. పై దవడ చివరి కొరుకుడు పంటిపై పదేళ్ళ ప్రాంతంలో ఒక గాడి మొదలై, పదిహేనేళ్ళకు సగం వరకు, ఇరవై ఏళ్ళకు చివరి వరకు దిగుతుందన్నది పాత లెక్క. మేత, నేల, జాతిని బట్టి అరుగుదల మారుతుంది కాబట్టి అయిదేళ్ళు దాటిన గుర్రం వయసును పళ్ళను బట్టి కచ్చితంగా చెప్పలేమని నేటి వైద్యశాస్త్రం అంటోంది.

దానమిచ్చిన ఆవుకు పళ్ళెంచరాదన్నది లోకోక్తి. డబ్బిచ్చి కొన్న గుర్రానికి మాత్రం ముందు పళ్ళెంచితే సరిపోదు. సంతలో పెదవి ఎత్తితే కనిపించేవి కొరుకుడు పళ్ళు మాత్రమే. జబ్బు ఎక్కువగా దాగి ఉండేది వెనుకనున్న దవడ పళ్ళలో.

తిరగలికి గంట్లు... పంటికి పదును

గుర్రపు దవడ పళ్ళు మనిషి పళ్ళ వంటివి కావు. లేత వయసులో ఒక్కో పన్ను దాదాపు పది సెంటీమీటర్ల పొడవుంటుంది. అందులో చాలా భాగం చిగురు కింద, దవడ ఎముకలో దాగి ఉంటుంది. మేత నమిలే కొద్దీ పైభాగం అరుగుతుంది, ఆ మేరకు కింది నుంచి పన్ను పైకి వస్తుంది. ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున ఇది జీవితాంతం సాగుతుంది. దాచిన పొడవంతా ఖర్చయ్యేసరికి గుర్రం ముసలిదవుతుంది.

చిక్కు ఇక్కడే ఉంది. గుర్రానికి పై దవడ వెడల్పు, కింది దవడ ఇరుకు. పై పళ్ళు కింది పళ్ళ మీద పూర్తిగా ఆనవు. ఆనిన భాగం అరుగుతుంది, ఆనని అంచు అరగక నిలిచిపోతుంది. పై పళ్ళకు బుగ్గ వైపున, కింది పళ్ళకు నాలుక వైపున కత్తి అంచు లాంటి పదును ఏర్పడుతుంది. నమిలిన ప్రతిసారీ ఆ అంచు బుగ్గను, నాలుకను కోస్తుంది. పుండు పడిన చోటే మళ్ళీ మళ్ళీ గీసుకుంటుంది. దాని పైన కళ్ళెం బిగించి లాగితే బుగ్గ ఆ పదునుకు నేరుగా ఒత్తుకుంటుంది. మొండిదని, పొగరుదని పేరుపడి దెబ్బలు తినే గుర్రాల్లో కొన్నింటి అసలు బాధ ఇదే.

మేపే పద్ధతి కూడా ఈ సమస్యను పెంచుతుంది. బయలులో మేసే గుర్రం రోజులో 14 నుంచి 16 గంటలు గడ్డి కొరుకుతూనే ఉంటుంది. గడ్డి నమిలేటప్పుడు దవడ అటూ ఇటూ వెడల్పుగా కదిలి పళ్ళు సమంగా అరుగుతాయి. కొట్టంలో కట్టేసి రెండు పూటలా ఉలవలు, తవుడు పెడితే దవడ ఎక్కువగా పైకీ కిందికీ కదులుతుంది, నమిలే సమయమూ తగ్గుతుంది. అంచులు త్వరగా పదునెక్కుతాయి. ఉలవలు ఈ మెట్ట ప్రాంతపు పంట. గుర్రానికి మంచి బలం కూడా. అయితే అవి గడ్డికి తోడుగా ఉండాలే తప్ప గడ్డికి బదులు కారాదని వైద్యులు సూచిస్తున్నారు. వేరుశనగ కట్టె వేసేవారు వేళ్ళకు అంటిన మట్టిని బాగా దులిపి వేయాలి. ఆ మట్టి పేగుల్లో పేరుకుంటే మరో రకం కడుపునొప్పి తప్పదు.

ఈ గుర్తులు కనిపిస్తే...

గుర్రం, గాడిద వంటి జంతువులు నొప్పిని దాచుకుంటాయి. అడవిలో బలహీనత బయటపెట్టిన జంతువు మృగాలకు ఆహారమయ్యేది, ఆ స్వభావం ఇంకా పోలేదు. అందుకే యజమాని కన్నే మొదటి వైద్యుడు కావాలి. గమనించవలసిన గుర్తులు ఇవి:

* నమిలిన గడ్డి ఉండలుగా నోటి నుంచి జారి తొట్టి చుట్టూ పడటం.
* మునుపటి కంటే నిదానంగా తినటం, తల ఒక పక్కకు వంచి నమలటం.
* లద్దెలో నలగని ఉలవ గింజలు, వేలెడు పొడవు గడ్డి పోచలు కనిపించటం.
* నోటి నుంచి, ముక్కు నుంచి దుర్వాసన.
* దవడ కింద లేదా చెంప మీద వాపు.
* ఒక ముక్కు రంధ్రం నుంచి మాత్రమే చీము కారటం. పై దవడలోని వెనుక పళ్ళ వేళ్ళు ముక్కు పక్కనున్న గాలి గదులకు ఆనుకొని ఉంటాయి. పంటి వేరు కుళ్ళితే ఆ చీము ముక్కు గుండా దిగుతుంది.
* కళ్ళెం వేయబోతే తల ఎగరేయటం, ఒక వైపు తిరగటానికి నిరాకరించటం.
* మేత తగ్గకపోయినా ఒళ్ళు తగ్గటం.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వైద్యుని సంప్రదించాలి. ఏదీ కనిపించకపోయినా ఏడాదికోసారి చూపించాలి. గుర్తులు బయటపడే నాటికి లోపల పుండు ముదిరి ఉంటుంది.

తొందరపడి నోట్లో చేయి పెట్టొద్దు

మింగలేక చొంగ కారుస్తున్న గుర్రాన్ని చూడగానే గొంతులో ఏదో అడ్డం పడిందని భావించి చేయి పెట్టడం ప్రమాదకరం. పిచ్చికుక్క కరిచిన జంతువుకు రేబిస్ సోకినా ఇవే లక్షణాలుంటాయి. దాని లాలాజలం తాకితే మనిషికీ ప్రాణాపాయం. చొంగతో పాటు ప్రవర్తనలో మార్పు, కాళ్ళలో తూలుడు ఉంటే దూరంగా కట్టేసి వైద్యునికి కబురు పెట్టాలి. అలాగే రెండు ముక్కు రంధ్రాల నుంచి జిగట చీము, జ్వరం, చర్మంపై గడ్డలు ఉంటే గ్లాండర్స్ అనే అంటువ్యాధిని అనుమానించాలి. ఇది మనుషులకూ సోకుతుంది. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం కింద దీనిని ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాలి.

పరీక్ష ఇలా సాగుతుంది

పళ్ళ పరీక్ష అంటే పళ్ళు పీకటమనే భయం చాలామందిలో ఉంది. అది నిజం కాదు. వైద్యుడు ముందుగా గుర్రం తినే తీరును చూస్తారు, ఒంటి పుష్టిని, గుండె చప్పుడును పరీక్షిస్తారు. చూడి గుర్రమైతే యజమాని ఆ విషయం ముందే చెప్పాలి. తరువాత మత్తు సూది వేస్తారు. గుర్రం నిలబడే ఉంటుంది, తల మాత్రం బరువుగా వాలుతుంది. నోరు నీటితో కడిగి, దవడలు మూసుకోకుండా ఇనుప పరికరం అమర్చి, దీపపు వెలుగులో ఒక్కో పన్నును చూసి, చేత్తో తడుముతారు. పదునెక్కిన అంచులను పొడవాటి పిడి ఉన్న ఆకురాయితో నునుపు చేస్తారు. పెద్ద ఆసుపత్రుల్లో కరెంటు పరికరాలూ వాడుతున్నారు. ఆ అంచులో నరం ఉండదు కాబట్టి గోరు అరగదీసినట్లే ఉంటుంది, నొప్పి తెలియదు.

అయితే ఎంత రాయాలో తెలియాలి. పదును పోతే చాలు, నమిలే ముఖాన్ని నున్నగా చేయరాదు. తిరగలి రాయికి గంట్లు లేకపోతే పిండి పడనట్లే, గరుకు పోయిన పన్ను గడ్డిని నలపలేదు. మరీ లోతుగా రాస్తే పంటి లోపలి జీవభాగం బయటపడి పన్నే చచ్చిపోతుంది. అందుకే ఇది శిక్షణ పొందిన పశువైద్యుడే చేయవలసిన పని. మత్తు దిగి తల పూర్తిగా పైకెత్తే వరకు మేత పెట్టకూడదు. లేదంటే గొంతులో అడ్డం పడుతుంది. ఆ రోజు మెత్తని పచ్చగడ్డి, నానబెట్టిన తవుడు ఇస్తే సరిపోతుంది. గుర్రాలకు ధనుర్వాతం చాలా సులభంగా సోకుతుంది. నోట్లో పుండ్లున్న గుర్రానికి ఆ టీకా ఎప్పుడు వేయించిందీ వైద్యునికి చెప్పి, అవసరమైతే వేయించాలి.

ఏ వయసులో ఎన్నిసార్లు

* పుట్టిన కొద్ది వారాల్లోనే దవడలు సరిగా కలుస్తున్నాయో లేదో ఒకసారి చూపించాలి.
* రెండున్నర నుంచి అయిదేళ్ళ వరకు ఆరు నెలలకోసారి. ఈ వయసులో పాలపళ్ళు రాలక కొత్త పంటిపై టోపీలా అతుక్కొని బాధిస్తాయి.
* అయిదేళ్ళు దాటితే ఏడాదికోసారి.
* ఇరవై ఏళ్ళు పైబడితే మళ్ళీ ఆరు నెలలకోసారి.
* మొదటిసారి కళ్ళెం వేసే ముందు తప్పనిసరిగా. కొన్ని గుర్రాలకు దవడ పళ్ళ వరుసకు ముందు చిన్న మొలక పన్ను ఉంటుంది. కళ్ళెపు ఇనుము దానికి తగిలితే గుర్రం భరించలేదు. అవసరమైతే వైద్యుడు దాన్ని తొలగిస్తారు.

గాడిదలకు, కంచర గాడిదలకు ఇవే నియమాలు వర్తిస్తాయి. గాడిద బాధను మరింత దాచుకుంటుంది కాబట్టి దాని విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం.

వాతలు, సుత్తులు వద్దు

కొత్త పళ్ళు వచ్చే వయసులో లేత గుర్రాలకు పై ముందు పళ్ళ వెనుక అంగిలి కొంత ఉబ్బుతుంది. ఇది సహజం, దానంతటదే తగ్గుతుంది. దీన్ని జబ్బనుకొని కాల్చిన ఇనుముతో వాత పెట్టడం, కత్తితో కోయడం అనేక ప్రాంతాల్లో ఆచారంగా ఉండేది. అది హింసే తప్ప వైద్యం కాదు. పదును అంచును సుత్తి, ఉలితో కొట్టి విరగ్గొడితే పన్ను నిలువునా చీలి, దవడ ఎముక దాకా చీము పడుతుంది. ముళ్ళ కళ్ళెం వాడకాన్ని 1965 నాటి బండి, బరువు మోసే జంతువుల నిబంధనలే నిషేధించాయి. నోటి పుండ్లున్న గుర్రానికి అటువంటి కళ్ళెం నరకమే.

మూడు వేల ఏళ్ళ నాటి విద్య

గుర్రం పళ్ళకు వైద్యం ఈనాటి విలాసం కాదు. మంగోలియా గడ్డి మైదానాల్లో దొరికిన పుర్రెలను పరిశీలించిన శాస్త్రవేత్తలు, సుమారు మూడు వేల ఏళ్ళ క్రితమే అక్కడి పశుపాలకులు వంకరగా పెరిగిన గుర్రం పళ్ళను కోసేందుకు ప్రయత్నించారని 2018లో ప్రకటించారు. లోహపు కళ్ళేలు వచ్చిన తరువాత మొలక పళ్ళను తీసివేయడం కూడా వారు నేర్చుకున్నారు. మన దేశంలో శాలిహోత్రుని పేరిట అశ్వవైద్య సంప్రదాయమే ఉంది. తెలుగులో మనుమంచి భట్టు గుర్రాల లక్షణాలపై 'హయలక్షణ విలాసము' అనే కావ్యాన్నే రచించాడు. పెద్దమండ్యానికి సమీపంలోని గుర్రంకొండ పేరులోనే గుర్రం ఉంది. కొండపై గుర్రం కాపున్నంత కాలం కోటకు ఓటమి లేదన్నది అక్కడి ఐతిహ్యం. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్‌ల ఏలుబడి చూసిన ఆ కోట 1800లో ఈస్టిండియా కంపెనీ వశమైంది. గుర్రపు దళాలు తిరిగిన నేల మీద నేడు గుర్రం నోరు చూడటం తెలిసినవారు కరవవడం విచారకరం.

ఎక్కడికి తీసుకెళ్ళాలి

గ్రామీణ పశువైద్యశాలలకు వచ్చేవి ఎక్కువగా ఆవులు, గేదెలు, గొర్రెలే. గుర్రం నోరు తెరిచి ఉంచే పరికరం, పొడవాటి ఆకురాయి అన్నిచోట్లా ఉండవు. అందుకే జంతువును తోలుకెళ్ళే ముందే మండల పశువైద్యునితో మాట్లాడటం మంచిది. మామూలు పరీక్ష, మత్తు సూది, టీకా స్థానికంగానే సాధ్యం. అంతకు మించిన అవసరం ఉంటే మదనపల్లె వంటి పట్టణాల్లోని పెద్ద పశువైద్యశాలకు, అక్కడి నుంచి తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి సిఫారసు చేయించుకోవచ్చు. 1955లో ప్రారంభమైన ఈ కళాశాల 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. జంతువు కదలలేని స్థితిలో ఉంటే 2022 మే నెలలో రాష్ట్రంలో మొదలైన సంచార పశువైద్య వాహనం కోసం 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

పెద్దమండ్యం నుంచి తిరుపతి వంద కిలోమీటర్లకు పైబడిన దూరం. ఒక్క గుర్రం కోసం వాహనం మాట్లాడుకోవడం పేద యజమానికి భారమే. చుట్టుపక్కల గ్రామాల గుర్రాలు, గాడిదల యజమానులు కూడబలుక్కొని ఒకే రోజున అన్నింటినీ ఒకచోట చేర్చి వైద్యుని పిలిపించుకుంటే ఖర్చు, శ్రమ రెండూ తగ్గుతాయి. పెళ్ళిళ్ళ ముహూర్తాలు లేని మాసం ఇందుకు అనువైన సమయం. ప్రయాణం తప్పకపోతే ఎండ ముదరక ముందే బయలుదేరాలి. వాహనంలో కాళ్ళు జారకుండా మందంగా గడ్డి పరచి, మధ్యలో నీళ్ళు పెట్టాలి. ఏ తేదీన ఏ పంటికి ఏమి చేశారో ఒక పుస్తకంలో రాయించుకుంటే మరుసటి ఏడాది వైద్యునికి ఉపయోగపడుతుంది.

ముసలి గుర్రానికి మెత్తని మేత

ఇరవై ఏళ్ళు దాటిన గుర్రానికి పళ్ళు అరిగిపోయి కొన్ని ఊడిపోతాయి. దాని ముందు ఎండు చొప్ప వేయడం వేయకపోవడం ఒకటే. సన్నగా తరిగిన పచ్చగడ్డి, మెత్తగా నానిన తవుడు, ఉడికించి చిదిమిన ఉలవలు కొద్ది కొద్దిగా నాలుగైదు సార్లు పెట్టాలి. తవుడొక్కటే మేతగా పెడితే ఎముకల బలం తగ్గుతుంది కాబట్టి వైద్యుని సలహాతో ఖనిజ లవణ మిశ్రమం కలపాలి. ఎదురుగా ఉన్న పన్ను ఊడితే దానికి ఆనవలసిన పన్ను అరగక కొక్కెంలా పెరుగుతుంది. కాబట్టి పళ్ళు తగ్గాయని పరీక్ష మానరాదు.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నది సామెత. నమలలేని గుర్రానికి ఎంత దాణా పెట్టినా అది లద్దె పాలే. ధర తేల్చుకోవడానికి ఒకనాడు తెరిచిన ఆ నోటిని ప్రాణం నిలపడానికి ఏటా ఒకసారి తెరిపించి చూపిస్తే, వృథా అయ్యే దాణా ఖర్చులోనే వైద్యం ఖర్చు కలిసివస్తుంది.